బట్టమేక పిట్ట ఒక్క గుడ్డే ఎందుకు పెడుతుంది

ఒకప్పుడు బట్టమేక పిట్ట గుడ్లు పెడితే గంపెడు పెట్టేదంట. మన ఇంటి కోడిపెట్ట పెట్టినట్టే, ఒకదాని పక్కన ఒకటి, ఏడో ఎనిమిదో.

నవ్వకండి పిల్లలూ. ఇప్పుడు మీకు ఆ పిట్టే కనపడదు, ఇంక గుడ్లు యాడ చూస్తారు? నా చిన్నప్పుడు ఈ గడ్డిబీట్లో మంద పక్కనే నడిచేవి. నిలబడితే మీ నడుం దాకా వస్తాది. తెల్లటి పొడుగు మెడ, గోధుమరంగు వీపు, నెత్తిన నల్ల టోపీ పెట్టినట్టు ఉంటాది. మిడతల్నీ పురుగుల్నీ ఏరుకుని తింటాది, ఎవరి జోలికీ రాదు. ఉండండి, కాళ్ళు చాపుకోనీయండి. పొద్దున్నుంచీ గొర్రెల వెనక తిరిగి మోకాళ్ళు పీకుతున్నాయి. తొందర పెడితే చెప్పను, మీ ఇష్టం.

ఆ రోజుల్లో ఈ బీడంతా నడుమెత్తు గడ్డి. ఆ గడ్డి నట్టనడుమ పిట్ట గూడు కట్టుకునేది. నాలుగు పక్కల నుంచీ గడ్డి వంచి పైన కప్పుకునేది. లోపల కూర్చుంటే గద్దకు కనపడదు, నక్కకూ కనపడదు. కింద మెత్తగా ఉండేది. దానికి ఆ గూడంటే ప్రాణం.

మగపిట్ట సంగతి అడగొద్దు. మెడకింద తిత్తి ఊపుకుంటూ మిట్టమీద నిలబడి 'హూం, హూం' అని డాబు చూపించడమే వాడి పని. గుడ్ల దగ్గరికి ఒక్కనాడూ రాడు. పొదిగేది, కాసేది, సాకేది అంతా ఆడపిట్టే. పాపం, దానికి ఎప్పుడూ అలుపే.

ఆ బీట్లోనే మద్దిలేటి అని ఒక గొర్రెల కాపరి మంద మేపుకునేవాడు. ఆయన పెళ్ళాం ఉరుకుందమ్మ. ఇద్దరూ మంచోళ్ళే. చెడ్డోళ్ళయితే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

అప్పటి కాపరులకు ఒక పద్ధతి ఉండేది. గడ్డి ఎండిపోతే దాన్ని కాల్చేవాళ్ళు. కాల్చిన నేల మీద ఒక్క వాన పడితే చాలు, లేత పచ్చిక లేస్తాది, గొర్రెలు కడుపునిండా తింటాయి. అయితే ఊరికే నిప్పు పెట్టేవాళ్ళు కాదు. ముందు 'పిలుపు' పిలవాలి. కాపరి ఈ కొస నుంచి ఆ కొస దాకా గడ్డిలో నడుస్తూ, కర్రతో నేల మీద కొడుతూ అరవాలి.

"నిప్పొస్తాంది! లేయండి, లేయండి! పిల్లలున్నోళ్ళు పలకండి!"

కుందేళ్ళు, పాములు, ఉడుములు అన్నీ లేచి పోయేవి. గుడ్లు ఉన్నదీ పసిబిడ్డలు ఉన్నదీ మాత్రం ఉన్నచోటి నుంచే పలికేది. "ఈడున్నానన్నా!" అనేది. అప్పుడు కాపరి దాని చుట్టూ గడ్డి పీకేసి, మంట లోపలికి రాకుండా నేల బోడి చేసేవాడు. అట్లా విడిచిన చోటును 'తల్లిజాగా' అనేవాళ్ళు. ఏటా ఎన్నో తల్లిజాగాలు విడిచేవాడు మద్దిలేటి. నడవలేక నడుం పడిపోయేది, అయినా విడిచేవాడు.

ఒక ఏడు తొలకరి ముఖం చూపించి పారిపోయింది. ఆ నాలుగు చినుకులు చూసి పిట్ట ఆశపడి గుడ్లు పెట్టేసింది. తర్వాత వాన లేదు. లేచిన గడ్డి లేచినట్టే ఎండిపోయింది. గొర్రెలు డొక్కలు ఎగరేసుకుంటూ పడుకున్నాయి. గొర్రెపిల్లలు పాలు లేక అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాయి. మద్దిలేటికి దూరం నుంచి కావడితో నీళ్ళు మోసీ మోసీ భుజం కాయకాసింది. కంటికి కునుకు లేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆకాశం అంచున మబ్బు కనపడింది.

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. "ఏమే, మబ్బొస్తాంది! తడిస్తే గడ్డి అంటుకోదు. వాన పడేలోపు కాల్చెయ్యాల."

"పిలుపు పిలవవా?" అంది ఉరుకుందమ్మ.

మద్దిలేటి బీడు వైపు చూశాడు. ఆ కొస యాడుందో కూడా కనపడలేదు. కాళ్ళు చూసుకున్నాడు. మడమలు పగిలి నెత్తురు కారుతున్నాయి. "ఈడినుంచే గట్టిగా పిలుస్తాలేవే. ఇన్నేళ్ళు నడిచినా గదా, ఒక్కసారికి ఏమవుతాది?" అన్నాడు.

"వద్దయ్యా, లోపల ఎవరున్నారో ఏమో. నేను పోతా, నువ్వు కూర్చో."

"నువ్వు పోయి వచ్చేలోపు వాన పడతాది. గొర్రెలు చస్తే ఏం తింటాం?"

మద్దిలేటి బీడు గట్టు మీదే నిలబడి పిలిచాడు. ఎండిపోయిన గొంతు, ఎంత దూరం పోతాది? చెకుముకి రాయి కొట్టి నిప్పు అంటించాడు.

నట్టనడుమ గూట్లో పిట్టకు ఆ పిలుపు పీలగా వినపడింది. పగలూ రాత్రీ కూర్చుని కూర్చుని దాని కాళ్ళు కొయ్యబారిపోయి ఉన్నాయి. మెల్లగా లేచి మెడ బయట పెట్టి అరిచింది.

"ఈడున్నానన్నా! గుడ్లతో ఉన్నా!"

మద్దిలేటికి ఆ మాట వినపడింది. కానీ మంట అప్పటికే గడ్డిని పట్టేసింది.

"అయ్యో, అయ్యో!" అని గొంగడి తీసి మంటను కొట్టాడు. గొంగడి అంటుకుంది. చేతులతో కొట్టాడు. ఉరుకుందమ్మ తాగేనీళ్ళ కుండ తెచ్చి గుమ్మరించింది. ఆ మంటకు అది ఏమూలకు?

మంట గూటి వైపు వస్తా ఉంది. పిట్ట దాన్ని అడిగింది. "కొంచెం ఆగమ్మా. గుడ్లు తీసుకుని పోతా."

"నాకు ఆగడం చేతకాదు," అంది మంట. "అంటించినోణ్ణి అడుగు."

"గాలీ, నువ్వన్నా పక్కకు తిరుగు."

"నన్ను అనొద్దు," అంది గాలి. "పొద్దున్నుంచీ వీచి వీచి నేనే తూలుతున్నా. ఎటు తోస్తే అటు పడిపోతున్నా."

ఇంక అడగడానికి ఎవరూ లేరు. పిట్ట ఒక గుడ్డును ముక్కుతో నెట్టింది. మెడతో తోసింది. రొమ్ముకు అదుముకుని, దొర్లించుకుంటూ, పడుతూ లేస్తూ గడ్డి దాటించింది. అక్కడ ఎర్రటి గరుసు నేల ఉంది. ఒక్క గడ్డిపరక కూడా మొలవని బోడి నేల. ఇన్నేళ్ళలో పిట్ట దాని మొహం కూడా సరిగ్గా చూడలేదు.

"అమ్మా, ఈ గుడ్డును నీ దగ్గర పెట్టుకుంటావా?"

నేల సిగ్గుపడింది. "నా దగ్గర ఏముంది తల్లీ? నీడ లేదు. మెత్తన లేదు. దాచుకోను చాటు కూడా లేదు."

"కాలేది ఏదీ లేదు కదా. అంతే చాలు," అంది పిట్ట.

గుడ్డును అక్కడ పెట్టి వెనక్కి పరుగెత్తింది. రెండో దానికోసం. మంట గూటిని చుట్టేసి ఉంది. ఈ పక్క నుంచి పోయింది, దారి లేదు. ఆ పక్క నుంచి పోయింది, దారి లేదు. రెక్కల కొసలు మాడాయి. లోపల మిగతా గుడ్లు పగులుతున్న చప్పుడు వినపడింది.

ఏం చూస్తారురా నా మొహం? నాకు మాత్రం ఈ ముక్క చెప్పడం ఇష్టమా? ప్రతిసారీ ఇక్కడికి వచ్చేసరికి ఎందుకు మొదలుపెట్టానా అనిపిస్తాది. కళ్ళు తుడుచుకోండి, చెప్పేస్తా.

మంటలన్నీ ఆరిపోయాక వాన వచ్చింది. తీరుబడిగా వచ్చింది. మసి మీద నిలబడి ఉన్న మద్దిలేటిని చూసి, "ఏం కొంప మునిగిందని అంత తొందర పడినావు?" అంది మబ్బు. "'నడిచి వస్తా, ఉండు' అంటే నేను ఆ కొండ దగ్గరే ఆగేదాన్ని. ఎవరన్నా అడిగితే కదా!"

మద్దిలేటి బొబ్బలెక్కిన చేతులతో గరుసు నేల దగ్గరికి పోయాడు. పిట్ట ఒక్క గుడ్డు మీద రెక్కలు పరుచుకుని వానకు అడ్డం కూర్చుని ఉంది. ఆయన దాని ముందర కూలబడిపోయాడు.

"తల్లీ, నన్ను శపించు."

"శపించాలన్నా ఓపిక ఉండాల కదన్నా," అంది పిట్ట.

"కాళ్ళు రాలేదు తల్లీ. నడవాల్సింది నడవలేదు. చాలా అలిసిపోయి ఉన్నా."

"నేను మాత్రం? నీ కాళ్ళూ నొప్పే, నా కాళ్ళూ నొప్పే. అలిసింది ఇద్దరం అన్నా. కాలింది మాత్రం నా పిల్లలు."

మద్దిలేటి తల నేలకు ఆనించి ఏడ్చాడు. ఉరుకుందమ్మ వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కొంచెంసేపటికి మెల్లగా అంది. "ఇంక మీదట నీ గూటి చుట్టూ గడ్డి నేనే పీకుతా తల్లీ. ఈయన్ని నమ్మొద్దు, నన్ను నమ్ము. మళ్ళా గంపెడు పెట్టు."

మసి కింద నుంచి గడ్డివేరు కూడా పలికింది. "వాన పడింది కదా, నేను మళ్ళా లేస్తా. మునుపటి కంటే మెత్తగా లేస్తా. రా."

పిట్ట మసి అయిన గూటి వైపు చూసింది. తర్వాత అంది.

"మీరు మంచోళ్ళే. మళ్ళొక ఏడు వాన రాదు. మళ్ళా మీకు కాళ్ళు నొప్పి పుడతాయి. నాకు కోపం లేదు, భయం ఉంది. ఎన్ని పెడితే అన్నీ నావే అనుకున్నా ఇన్నాళ్ళూ. ఎత్తుకుని పరుగెత్తగలిగింది ఒక్కదాన్నే. అంతకు మించి నాతో కాదు."

"మరి ఆ ఒక్కటి కూడా పోతే?" అన్నాడు మద్దిలేటి.

పిట్ట గుడ్డును ముక్కుతో ఇంకొంచెం లోపలికి జరుపుకుని కూర్చుంది.

అప్పటినుంచే బట్టమేక పిట్ట గూడు కట్టదు. ఉత్త నేల మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. అది మట్టిరంగులో ఉంటాది, పక్కన నిలబడినా రాయో గుడ్డో తెలీదు. గొర్రె తొక్కినా, బండిచక్రం ఎక్కినా, చూసుకోకుండా నడిచే మీ కాలు పడినా, ఆ ఏడాదికి ఆ తల్లికి ఇంకో బిడ్డ లేదు.