ఓర్వలేనమ్మ గుట్ట, కన్నులేని చిలక

ఈ పుస్తకంలో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే రాసిన చేతికి ఈ జన్మలో మళ్లీ రంగు అంటకుండు గాక!

ఏటి మలుపులో, నీలిమందు తొట్ల వెనుక కనిపించే చిన్న గుట్టే ఓర్వలేనమ్మ క్షేత్రం. చూపుకు చిన్నదే గానీ, దీని వైభవం చూసి కుళ్లి పక్క కొండలు సగానికి సగం అరిగిపోయాయి. అమ్మవారు మెడ పక్కకు తిప్పి ఓరకంట చూస్తూ ఉంటుంది. ఆమె నీలిచీర అంచున తెల్లని చిలకలూ అలాగే వెనక్కి తిరిగి చూస్తుంటాయి.

పూర్వం ఇక్కడ అద్దకం ఇంటి పెద్దకోడలు మంగతాయి ఉండేది. కాగిన మైనంలో వెదురు కలం ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీతతో ఆ చిలకను దించేది. ఆ చిలకతో సంబంధం కలుపుకుందామని అడవి చిలకలు మందలుగా వచ్చేవి. ఆ గీత అత్తగారు ఆమెకొక్కదానికే నేర్పింది. డెబ్బయ్యో ఏట మంగతాయి చేయి వణకసాగింది. అమ్మవారికి చిలకల చీర కట్టే జాతర దగ్గరపడింది.

"తోడికోడలికి నేర్పమ్మా, లేకుంటే చిలక నీతోనే పోతుంది" అన్నారు ఊరివాళ్లు.

తోడికోడలు కనకాంగి గీత కడిగిన ముత్యం. అదే మంగతాయి కడుపులో నిప్పులు పోసింది. ఆ సెగకు పొయ్యి లేకుండానే మైనం కాగిందట! మైనం పడినచోటే రంగు అంటక తెలుపు నిలుస్తుంది కదా. ఆమె ముక్కు నేర్పింది, రెక్క నేర్పింది, తోక నేర్పింది. చివర పెట్టవలసిన కంటిబొట్టు మాత్రం మింగేసింది. కనకాంగి గీసిన చీరను నీలిలో ముంచి, మైనం కరిగించి చూస్తే నూటెనిమిది చిలకలూ గుడ్డివే.

"ఏం తప్పు చేశానక్కా?" అని కనకాంగి ఏడ్చింది.

"గీత ఉంటే చాలదమ్మా, రాత ఉండాలి" అంది మంగతాయి.

ఆ చీర కడితే అమ్మవారి నడుము మీది నుంచి ఏడుసార్లు జారిపోయింది. మధ్యాహ్నం కునుకులో అమ్మవారే మంగతాయికి కనిపించింది.

"మూడు లోకాల్లో ఓర్వలేనిదాన్ని నేనే అనుకున్నానే! నన్నే మించిపోతావా? ఇక నన్నెవరు తలుస్తారు? ఆ కుళ్లు నా పాదాల దగ్గర పెట్టి, నా చిలకకు కన్ను తెప్పించు!"

మంగతాయి ఉలిక్కిపడి లేచి, కొత్త చీర పరిపించి, కనకాంగి చేయి పట్టుకుని కంటిబొట్టు పెట్టించింది. మైనం వదిలాక చిలక కళ్లు తెరిచి సూటిగా మంగతాయినే చూసింది.

"నేను గీసింది ఏనాడూ ఇలా చూడలేదు కదే, నీ చెయ్యి పడిపోనూ!" అంటూ ఆ చేతినే కళ్లకద్దుకుంది.

ఆ ముచ్చట ఓర్వలేక ఇటు మెడ తిప్పిన అమ్మవారు నేటికీ మళ్లీ తిప్పుకోలేదు. గుట్టకు ఆ పేరు అలా వచ్చింది.

ఇప్పటికీ ఇక్కడ మొక్కు అదే. కన్నులేని చిలకను మైనంతో గీసి, ఎవరిని చూస్తే కడుపు మండుతుందో వారి చేతనే కన్ను పెట్టించాలి. అలా చేసినవారికి కడుపుమంట చల్లారుతుంది, చేతి విద్య ఇంట నిలుస్తుంది. ఆ గీత చావకుండా నేటికీ మిగిలింది ఇందువల్లనే.

ఇంతదాకా చదివారు కనుక ఒక చిన్న పని. ఈ పుస్తకాలు పెట్టిన బల్ల మీద నేను మైనంతో చిలకను గీసిన గుడ్డ ఒకటి ఉంటుంది. గుట్ట దిగగానే మూడో గుమ్మం మా తోడికోడలిది. ఆ గుడ్డ ఆమెకిచ్చి కన్ను పెట్టించుకు రండి. ఎవరు పంపారో చెప్పకండి. గీత చూస్తే తనే పోల్చుకుంటుంది.