కంచు బల్లుల కోట

ఒక కోటలో మనుషుల కంటే తలుపులు ఎక్కువ. ఆ తలుపులన్నిటికీ అధికారి బయ్యన.

ఎవరు ఏ తలుపు దాటొచ్చో, ఎవరు దాటకూడదో చూసుకోవడమే అతని ఉద్యోగం. వంటమనిషి వంటింట్లోకి వెళ్ళొచ్చు గాని ఊరగాయల గదిలోకి వెళ్ళకూడదు. మంత్రి ఊరగాయల గదిలోకి కూడా వెళ్ళొచ్చు గాని అంతఃపురం వైపు తొంగి చూడకూడదు. కొత్తగా ఎవరు కొలువులో చేరినా బయ్యన తాళంచెవుల గుత్తి మోసుకుంటూ వాళ్ళ వెంట తిరగాలి. కొలువు మానేసినవాళ్ళ దగ్గర చెవులు తిరిగి తీసుకోవాలి. చేరినవాళ్ళు పొద్దున్నే వచ్చి గుర్తు చేసేవాళ్ళు. మానేసినవాళ్ళు మాత్రం ఒక్కరూ గుర్తు చేసిన పాపాన పోలేదు.

ఒకనాడు రాజుగారు భోజనానికి కూర్చున్నారు. పంక్తి చివర ఎవరో ముసలాయన మారు పప్పు వడ్డించుకుంటూ కనిపించాడు.

"ఈయనెవరు?" అన్నారు రాజుగారు.

"వింజామర వీచేవాణ్ణి ప్రభూ," అన్నాడు ముసలాయన. "మీ నాన్నగారి హయాంలో మానిపించారు."

"మరి లోపలికి ఎలా వస్తున్నావు?"

"తాళం తీసుకునే వస్తున్నాను. గోడలు దూకే అలవాటు నాకు లేదు."

రాజుగారు బయ్యన మెడ వైపు ఒకసారి చూసి, పెరుగు కలుపుకున్నారు. బయ్యన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచాడు.

మర్నాడు అతను కంచుపని చేసే కాటమ్మ ఇంటికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు. కాటమ్మకు తన పనితనం మీద గొప్ప నమ్మకం. ఎదుటివాడు చెప్పేది సగం విని, మిగతా సగం తనే చెప్పేది.

"నీకు కావాల్సింది బల్లులు," అందామె. "ప్రతి గుమ్మం పైనా ఒక కంచు పిల్లబల్లి. అన్నిటికీ కలిపి ఒక తల్లిబల్లి. అది నీ గది గోడ మీద ఉంటుంది. మనిషి పేరూ, చేసే పనీ దాని చెవిలో ఒక్కసారి చెప్పు. ఆ పనికి ఏ తలుపులు కావాలో చెప్పు. పిల్లలన్నిటికీ తెలిసిపోతుంది. సరైన మనిషి వస్తే టిక్కుమని పలుకుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పని మానేశాడని నువ్వు చెప్పావా, ఇక వాడు గుమ్మం ముందు గంతులేసినా పలకదు."

"లంచం పెడితే?"

"కంచుకి లంచమేమిటయ్యా! అది ఈగని కూడా ముట్టదు."

బల్లులు వచ్చాయి. బయ్యన తల్లిబల్లి చెవి దగ్గర నోరు పెట్టి కోటలో అందరి పేర్లూ, పనులూ చెప్పాడు. అంతా అయ్యాక, పప్పు సంగతి ఇంకా మనసులో మంట పెడుతుండగా, మరో మాట కలిపాడు.

"లోపల ఎవడైనా పేరూ, పనీ, వచ్చిన గుమ్మమూ తెలియనివాడు కనబడ్డాడో, తలుపులన్నీ మూసెయ్. నేను జవాబు చెప్పేదాకా తెరవకు."

"అన్నీనా?" అంది పక్కనే ఉన్న కాటమ్మ.

"అన్నీ."

"ఆలోచించే చెబుతున్నావా?"

"ఆ పంక్తిలో నువ్వు లేవు కాబట్టి అడుగుతున్నావు," అన్నాడు బయ్యన.

ఆ తర్వాత కోటలో హాయిగా గడిచింది. గుమ్మాల దగ్గర ఎవరూ పడిగాపులు పడలేదు. వింజామర ముసలాయన కొన్నాళ్ళు వంటింటి తలుపు ముందు నిలబడి, వాసన చూసి, వేరే ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయాడు. బయ్యన మధ్యాహ్నం కునుకు తీయడం నేర్చుకున్నాడు. కాస్త బొజ్జ కూడా వచ్చింది.

ఇంతలో రాణిగారికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని లోపలికి వెళ్ళింది. రాజుగారు వసారాలో అటూ ఇటూ తిరిగారు. కాసేపటికి లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపూ, "మగబిడ్డ!" అన్న మంత్రసాని కేకా వినిపించాయి. రాజుగారు ఆనందంతో గడప మీదకు కాలెత్తారు.

అదే క్షణంలో కోటలో తలుపులన్నీ ధడేలుమని మూసుకున్నాయి. ఆ ఒక్క తలుపైతే రాజుగారి ముక్కుకు తగిలింది.

"వేడినీళ్ళు!" అని లోపల మంత్రసాని అరుస్తోంది. "తల్లి వణికిపోతోంది, వేడినీళ్ళు తెండి!" నీళ్ళ కాగు మోసుకొస్తున్న మనిషి రెండు తలుపుల మధ్య నడవాలో ఇరుక్కుపోయాడు.

బయ్యన కునుకులోంచి ఉలిక్కిపడి లేచాడు. గోడ మీద తల్లిబల్లి కళ్ళు తెరిచి ఉంది.

"లోపల ఒక మనిషి ఎక్కువున్నాడు," అంది. "పేరు?"

కిటికీలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించి బయ్యనకు విషయం అర్థమైంది. "ఇంకా పెట్టలేదు. ఇప్పుడేగా వచ్చాడు!"

"ఏ గుమ్మంలోంచి వచ్చాడు?"

"గుమ్మంలోంచి రాలేదు. పుట్టాడు."

"పుట్టడం అనే గుమ్మం నువ్వు నాకు చెప్పలేదు."

"బయ్యనా!" వసారాలోంచి రాజుగారి కేక వినిపించింది. "లోపల నా కొడుకున్నాడు, తలుపు తీయించు. లేకపోతే నీ తల తీయిస్తాను!"

"రాజుగారి కొడుకే తల్లీ వాడు!" అన్నాడు బయ్యన చేతులు జోడించి.

"కొడుకుతనం పని కాదు. ఏం పని చేస్తాడు?"

ఏం పని చేస్తాడు? బయ్యన తల పట్టుకున్నాడు. కిటికీలోంచి పిల్లవాడి ఏడుపు గుక్క తిప్పుకోకుండా వస్తూనే ఉంది.

"వినపడటం లేదా?" అని అరిచాడు బయ్యన. "ఏడుస్తున్నాడు! ఏడవడమే వాడి పని!"

తల్లిబల్లి కాసేపు ఆలోచించింది. "ఆ పనికి ఏ తలుపులు కావాలి?"

"అన్నీ! అన్నీ తెరువు, నీకు పుణ్యముంటుంది!"

టిక్కు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. వేడినీళ్ళు అందాయి. తల్లీ బిడ్డా క్షేమం. రాజుగారు ముక్కు తడుముకుంటూనే కొడుకుని ఎత్తుకున్నారు. ఆ సంబరంలో బయ్యన తల సంగతి అందరూ మరిచిపోయారు.

కొన్నాళ్ళకు, వంటమనిషి చేత చివాట్లు తిన్న పచ్చళ్ళు నూరే పిల్ల ఒకతె నడవాలో కూర్చుని ఏడుస్తుంటే, ఎదురుగా ఖజానా తలుపు దానంతటదే తెరుచుకుంది. ఏడవడమే పనైతే అన్ని తలుపులూ తెరవమన్న మాట బల్లులు మరిచిపోలేదు మరి. ఆమె భయపడి పారిపోయింది గాని, మాట దాచుకోలేకపోయింది. వారం తిరక్కుండా కోటంతా ఏడుపే. వంటింట్లో ఉల్లిపాయలు మాయం, ఖజానాలో వరహాలు మాయం. మంత్రిగారి బావమరిది కండువాలో కోసిన ఉల్లిపాయతో దొరికిపోయి, అది తలనొప్పికి పెట్టుకున్నానన్నాడు.

ఆ రోజుల్లోనే సూరమ్మ అనే ఆమె పొలిమేర పల్లె నుంచి వచ్చింది. సేనాపతి ఏనుగులు ఆమె నువ్వుచేను తొక్కేశాయి. ఇదేమిటని అడిగిన తమ్ముణ్ణి చెరలో పెట్టారు. ఆమెకు ఉల్లిపాయల సంగతి తెలియదు. పెద్ద గుమ్మం ముందు చతికిలబడి నిజంగానే ఏడ్చింది. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళక తప్పదేమోనని లేచి వెళ్ళింది. మరో తలుపు తెరుచుకుంది. భయం వేసి ఇంకా ఏడ్చింది. ఇంకో తలుపు తెరుచుకుంది. చివరికి చూస్తే, రాజుగారు ఒక్కరే కూర్చుని మామిడిపండు తింటున్నారు.

రాజుగారు టెంక పక్కన పెట్టి, ఆమె చెప్పిందంతా విన్నారు. పొద్దు వాలేలోగా ఆమె తమ్ముడు బయటికొచ్చాడు.

తర్వాత బయ్యనను పిలిపించి, "ఈ ఏడుపు సంగతి చక్కబెట్టు. ఖజానా ఖాళీ అవుతోంది," అన్నారు. కాసేపాగి, "కానీ ఆవిడ..." అని ఆపేశారు.

బయ్యన ఆ ఆగిన మాట పట్టుకుని తల్లిబల్లి దగ్గరికి వెళ్ళాడు. "ఏడ్చేవాళ్ళకి ఇకమీదట ఒకే దారి. రాజుగారి కొలువుగదికి."

"వాళ్ళు వెళ్ళేసరికి రాజు అక్కడ ఉండాలా?" అంది బల్లి.

"ఉండకపోతే ఎలా?" అన్నాడు బయ్యన తొందరలో.

ఉల్లిపాయల వాళ్ళు మానేశారు. రాజుగారి ఎదుట నిలబడి లేని కష్టం చెప్పడం అంత తేలిక కాదు. కానీ మిగతావాళ్ళు వచ్చారు. వస్తూనే ఉన్నారు. కొలువుగదిలో చాప పరిచారు, మరో చాప పరిచారు. రాజుగారి కళ్ళ కింద నల్లటి చారలొచ్చాయి.

"ఇంత దుఃఖం ఇన్నాళ్ళూ ఎక్కడుండేది బయ్యనా?" అన్నారు ఒకరోజు.

"గుమ్మం బయట మహారాజా."

ఒక మధ్యాహ్నం, రాజుగారు కిరీటం తీసి పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా తోటవైపు తలుపు దగ్గరికి నడిచారు. బయ్యన వెనకే వెళ్ళాడు. గుమ్మం పైన బల్లి పలకలేదు. కొలువుగదిలో మనుషులు ఎదురుచూస్తున్నారు మరి. రాజుగారు తలుపు నెట్టారు. బతిమాలారు. చివరికి మెట్టు మీద కూలబడ్డారు. చేతిలో చెప్పులు జారిపోయాయి. బయ్యన చూస్తుండగానే, ఆయన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. దగ్గర్లో ఎక్కడా ఉల్లిపాయ లేదు.

టిక్కుమంది బల్లి.

తోట తలుపు కదలలేదు. వెనకాల, నడవా ఆ చివర, కొలువుగది తలుపు తెరుచుకుంది.

రాజుగారు కళ్ళు తుడుచుకుని లేచి, ఉత్త కాళ్ళతో అటే నడిచారు. గదిలో చాప మీదివాళ్ళంతా ఖాళీ ఆసనం వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. కొత్తగా వచ్చిన మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కూడా ఆసనం వైపు కాసేపు చూసి, చాప చివర కూర్చున్నారు.

పక్కనున్న ముసలమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

"నీదేం కష్టం నాయనా?" అంది.