చెంగమ్మ ఇంటి బోలు పొయ్యి

అనగనగా కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్లో చెంగమ్మ అనే పూటకూళ్లమ్మ. దారిన పోయేవాళ్లకు వండిపెట్టి, వాళ్లిచ్చిన దానితో బతికేది. నా అన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆమె వంటింట్లో అత్తగారి నాటి కట్టెల పొయ్యి ఉండేది. ఏళ్ల తరబడి మట్టితో అలకగా అలకగా అది గున్నఏనుగంత అయింది. తడి కట్టెలు పెట్టినా భగ్గున మండేది. చెంగమ్మ అందుకు ఎన్నడూ ఆశ్చర్యపడలేదు. పొయ్యి అన్నాక మండదూ అనుకునేది.

ఒక వేసవిలో ఇంటి కప్పు కుంగింది. వానల్లోపు బాగు చేయించకపోతే పూటకూళ్లిల్లు మూతపడుతుంది. ఆ బెంగతోనే పొయ్యి అలుకుతుంటే మట్టిపెళ్ల ఊడి లోపల ఇనుము కనబడింది. వేలితో కొడితే బోలుగా మోగింది.

"మా అత్తగారివాళ్లు ఇందులో ఏదో దాచారు!" అని మురిసిపోయి, విలువ కట్టమని కంచరిని పిలిచింది.

కంచరి ముందు కడుపునిండా తిన్నాడు. "అన్నం అమృతంలా ఉంది చెంగమ్మా!" అన్నాడు. తర్వాత పొయ్యికి బెజ్జం వేశాడు. ఏమీ లేదు. ఆనాటి నుంచి పొయ్యి కాస్త పొగ చిమ్మసాగింది.

తర్వాత షావుకారు వచ్చాడు. రెండుసార్లు పులుసు పోయించుకుని, "బంగారం ఉంటే పక్క గోడలోనే ఉంటుంది" అంటూ ఒక పక్క కోశాడు. ఏమీ లేదు. పొగ రెట్టింపయింది.

చివరికి ఈ సంగతి విని రాజుగారి ఖజానా పరీక్షకుడే వచ్చి పల్లకీ దిగాడు. "అన్నం పొగవాసన" అని విసుక్కుంటూనే అంతా తిన్నాడు. "దీన్ని పగలగొడితే గానీ తేలదు" అన్నాడు.

చెంగమ్మ పొయ్యి వైపు చూసింది. కుంగిన కప్పు వైపు చూసింది. "కానివ్వండి బాబుగారూ" అంది.

సుత్తి దెబ్బకు పొయ్యి ముక్కలైంది. "ఛీ, లోపలంతా ఖాళీ! ఉత్త ఇనుము" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. తాము తిన్న అన్నం దేనిమీద ఉడికిందో ఆ ముగ్గురు మహానుభావుల్లో ఒక్కరూ అడగలేదు.

వానలు వచ్చాయి. చెంగమ్మ మూడు రాళ్లు పెట్టి వండబోయింది. తడి కట్టె అంటుకోదు, ఎసరు కాగదు. బాటసారులు చూసి చూసి ఆకలితో లేచిపోయారు.

ఒకరోజు వీరభద్రయ్య అనే ముసలి కమ్మరి వానకు అక్కడ ఆగాడు. ముక్కలు చూసి నివ్వెరపోయాడు.

"అమ్మా, ఇది రెండు గోడల పొయ్యి. మధ్య ఖాళీలో వేడిగాలి తిరిగి తడి కట్టెను కూడా మండిస్తుంది. ఆ ఖాళీయే దీని ప్రాణం. ఇది మండడం రాజుగారు చూసి ఉంటే నీకు ఇల్లే కట్టించి దీన్ని తీసుకుపోయేవారు."

చెంగమ్మ ఆయన కాళ్లమీద పడింది. "అతికించు తాతా!"

"అతుకుతుందని చెబితే నీకు ఊరట. కానీ అబద్ధం చెప్పలేను తల్లీ. ఇది అతకదు. ఇలాంటిది చేసే చెయ్యీ ఇప్పుడు లేదు."

"నువ్వు ముందే వచ్చి ఉంటే ఏం చేసేవాడివి?"

"ఏముంది! ఒకసారి వెలిగించి చూపించమనేవాణ్ణి."

చెంగమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ వానలకే కప్పు కూలింది. పూటకూళ్లమ్మ పొరుగూరు పోయి ఇంకొకరి వంటింట్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

పిల్లలూ, అన్నం పెట్టేదాని విలువ అది చేసే పనిలో చూడాలి; పగలగొట్టి చూస్తే విలువ తెలిసేసరికి అదే ఉండదు.