వెలగని బల్బు

పైడిరాజు మేస్త్రి తిట్టడంలో ఎంత ధారాళమో, మెచ్చుకోవడంలో అంత పిసినారి. విశాఖపట్నంలో పాత కార్ల కరెంటు పని అంటే ముందు ఆయన పేరే చెబుతారు. వైరు ఒక్క మెలిక ఎక్కువ తిరిగినా, టేపు కాస్త వదులైనా షెడ్డు ఆ చివర నుంచి కేకేస్తాడు. పని శుభ్రంగా ఉంటే మాత్రం నోరు విప్పడు. పెళ్లి కాకముందు ఆయన దగ్గర చేరి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రైన తవిటినాయుడికి ఈ మౌనమే పెద్ద బెంగ. గాజువాకలో సొంత షెడ్డు పెట్టుకోవాలని అతని కోరిక. తనకు పని వచ్చిందో రాలేదో తనకే తెలియకపోతే ఏ ధైర్యంతో పెడతాడు? ఒకరోజు టీ తాగుతూ ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఇన్నాళ్లూ మీ దగ్గర చేశాను. బాగుందని ఒక్కపాలైనా అనరేటండి? నాకు పనొచ్చినట్టా, రానట్టా?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టి, "దమయంతమ్మగారి కారు నువ్వే చూడు" అన్నాడు. తను అడిగినదానికి అది జవాబెలా అవుతుందో తవిటినాయుడికి అంతుపట్టలేదు.

ఆ కారు రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఆకుపచ్చది. దమయంతమ్మగారు కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో దాన్ని నడుపుకుంటూ బీచ్ రోడ్డు మీద వెళుతుంటే జనం ఆగి చూసేవారట. ఇప్పుడు దాని వైర్ల పైతొడుగు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోతోంది. మొన్న సింహాచలం కొండ దిగుతుంటే డ్యాష్‌బోర్డు కింద పొగ కూడా వచ్చింది. వైరింగ్ కిట్టు, అంటే ముందు దీపాల నుంచి వెనక దీపాల దాకా కారంతా పాకే వైర్ల మోపు, మొత్తం మార్చాలి. ఆదివారం పాత కార్ల ఊరేగింపులో ఆవిడే దాన్ని నడపాలి. "ఈసారి పొగొస్తే మావాళ్లు తాళాలు లాక్కుంటారయ్యా" అని నవ్వుతూనే అన్నారు గాని, ఆవిడ భయం మొహంలో కనబడుతూనే ఉంది.

తవిటినాయుడు పాత కిట్టును చెక్క మీద పరిచి, మలుపు మలుపుకీ మేకు కొట్టి, అదే దారిలో కొత్త వైర్లు నడిపాడు. టేపు చుట్టాడు. కారులో బిగించాడు. మేస్త్రి స్టూలు మీద కూర్చుని మొదట్నుంచి చివరిదాకా చూశాడు, ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది తవిటినాయుడికి.

శనివారం పొద్దున్న పరీక్ష. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్త కిట్టు వేశాక బ్యాటరీని తిన్నగా కలపరు. మధ్యలో ఒక చిన్న బల్బు పెడతారు. స్విచ్‌లన్నీ ఆపి ఉండగా ఆ బల్బు వెలిగిందంటే, కరెంటు ఎక్కడికో పోతోందన్నమాట. వెలగకపోతే అంతా క్షేమం.

దమయంతమ్మగారు ఆగలేక ముందే వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. మోకాలు నొప్పని ఒక కాలు బయటికి చాపుకున్నారు. తవిటినాయుడు బల్బు కలిపాడు. అది ఎర్రగా, మసగ్గా వెలిగింది.

తవిటినాయుడు కంగారుగా స్విచ్‌లన్నీ మళ్లీ చూశాడు, ఆపే ఉన్నాయి. ఇక కిట్టు కోసి చూడడమే గతి అనుకుని బ్లేడు తీశాడు. టేపు మీద పెట్టబోతూ మేస్త్రి వైపు చూశాడు. ఆయన తాపీగా టీ ఊదుకుంటున్నాడు. తవిటినాయుడి చెయ్యి ఆగిపోయింది. మెలిక ఎక్కువైతేనే కేకలేసే మనిషి, వైరు తప్పుగా నడిపితే చూస్తూ ఊరుకుంటాడా? కిట్టు చుట్టినంతసేపూ ఈయన ఇక్కడే ఉన్నాడు కదా. అంటే తప్పు కిట్టులో లేదు. మరెక్కడుంది?

బ్లేడు జేబులో పెట్టేసి కారు చుట్టూ తిరిగాడు. తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగాడు. తలుపు తీస్తే కాళ్ల దగ్గర వెలిగే చిన్న దీపం ఒకటుంది ఆ కారుకి. పట్టపగలు దాని వెలుగు ఎవరి కంటా పడలేదు.

"అమ్మా, కాస్త కాలు లోపలెట్టుకోండి" అని తలుపు వేశాడు. బల్బు ఆరిపోయింది.

వెలగని ఆ బల్బును చూసి తవిటినాయుడు గంతేసినంత పని చేశాడు. బల్బు తీసి బ్యాటరీ తిన్నగా కలిపాడు. దీపాలు వెలిగాయి, హారను మోగింది, ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. దమయంతమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

మర్నాడు బీచ్ రోడ్డున ఆకుపచ్చ కారు ఈ కొస నుంచి ఆ కొసకి హారను కొట్టుకుంటూ దర్జాగా సాగింది. పొగ జాడ లేదు. జనంలో నిలబడ్డ గురుశిష్యులను చూసి ఆవిడ చెయ్యెత్తి ఊపారు. తవిటినాయుడి ఛాతీ పొంగింది. మేస్త్రి జేబులోంచి బల్బు తీసి అతని చేతిలో పెట్టాడు.

"నీ షెడ్డులో ఉంచుకో. నిన్న ఇది వెలగలేదనే కదరా అంత సంబరపడ్డావు."