ఉప్పురేవు తల్లి

సౌదామిని కథ చెప్పడం ముగించి నిలబడింది. చిడతలు మోగలేదు.

ఇది మొదటిసారి కాదు. అదే కథను అటు తిప్పి ఇటు తిప్పి, పాముకు ఒక తల పెంచి, గుహకు ఒక మలుపు పెంచి, వచ్చి చెప్తూనే ఉంది. కనకవల్లి ప్రతిసారీ కళ్ళు మూసుకుని చివరిదాకా వింటుంది. ఆ తర్వాత కళ్ళు తెరిచి, బల్ల మీదున్న చిడతలను ముట్టుకోకుండా, కిటికీలోంచి బయటికి చూస్తుంది. బాగుందనదు, బాగాలేదనదు. తిడితే బాగుండునని సౌదామినికి అనిపించేది. తిట్టించుకున్నవాళ్ళకు కనీసం ఎక్కడ దెబ్బ తగిలిందో తెలుస్తుంది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాత మేడలో, పై అంతస్తులో, వాళ్ళ ఆటల కంపెనీ ఉంది. వాళ్ళు చేసే ఆట పేరు పంచకోన. వేలమంది ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు కూర్చుని, ఒకే లోకంలో దిగి ఆడే ఆట. తలా ఒక వేషం కట్టుకుంటారు. ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగనివాడు అక్కడ కొండలెక్కే వీరుడు. ఆ లోకంలో దారి పొడుగునా ఎవరో ఒకరు నిలబడి, వచ్చిన ఆటగాడికి ఒక పని అప్పగిస్తుంటారు. దాన్ని క్వెస్ట్ అంటారు. తోడేళ్ళను చంపి తోకలు తెమ్మంటాడొకడు, కొండ మీది మూలిక తెమ్మంటుందొకతె. తెచ్చిస్తే కత్తో, కవచమో దక్కుతుంది. ఆ మనిషికి అన్ని తోకలు ఎందుకని అడిగినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

ఈ క్వెస్టులు అల్లేవాళ్ళందరికీ పెద్ద కనకవల్లి. ఒకప్పుడు హరికథా భాగవతారిణి. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి నిలబడితే, తెల్లవార్లూ జనం కదిలేవారు కాదట. గొంతులో పుండు లేచి కోత పడ్డాక ఆ గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే ఎండుటాకు మీద నడిచినట్టు ఉంటుంది. అందుకని మాట్లాడటమే తక్కువ. కంపెనీ పెట్టిన ఇర్ఫాన్ చిన్నప్పుడు ఆవిడ కథలు విన్నవాడు. వెతుక్కుంటూ వెళ్ళి పిలుచుకొచ్చాడు. రావడానికి ఆవిడ ఒకటే అడిగిందట: క్వెస్టును కాగితం మీద చూపించకూడదు, ఎదురుగా నిలబడి కథగా చెప్పాలి. నచ్చితే చిడతలు ఒకసారి మోగిస్తుంది. మోగితేనే అది ఆటలోకి వెళ్తుంది.

ఈ వానలు వెళ్ళగానే ఆవిడ పని మానేస్తోంది. చిడతలు ఎవరి చేతిలో పెట్టి వెళ్తే వాళ్ళే ఇకమీద ఆ కుర్చీలో కూర్చుంటారని అందరికీ తెలుసు. ఎవరి చేతిలో పెడుతుందో కూడా తెలుసనే సౌదామిని అనుకుంది. ఆ ఆఫీసులో ఆమె అంత చదివినవాళ్ళు లేరు, ఆమె అంత బాగా రాసేవాళ్ళు అసలే లేరు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనీ లేదు. ఆటలో కొత్తగా తెరవబోయే ఉప్పురేవు సీమకు మొదటి క్వెస్టు ఆమెదే కావాలి. అది మోగితే కుర్చీ ఆమెదే.

కథ ఇది. ఉప్పురేవు ఒడ్డున ఒక తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టుకుని సముద్రాన్ని చూస్తూ ఉంటుంది. ఎవరు వచ్చినా అడుగుతుంది. "మావాడు అగుపడ్డాడా నాయనా? నీలం చొక్కా వేసుకుని వెళ్ళాడు." ఆటగాడు సముద్రం కింది గుహలోకి దిగి, పామును చంపి, కొడుకును తెచ్చి అప్పగిస్తాడు. తల్లి అతనికి ఒక శంఖం ఇస్తుంది. అది ఊదితే అలలు ఆగుతాయి.

ఆ తల్లి అడిగే మాట ఆఫీసులో అందరి మనసుకూ పట్టుకుంది. ఎక్కడ దొరికిందమ్మా ఈ మాట అని ఒకరిద్దరు అడిగారు కూడా. సౌదామిని నవ్వి ఊరుకుంది.

దొరికింది గేటు దగ్గరే. రోజూ పొద్దున్నే జాలరిపేట నుంచి అప్పలకొండమ్మ చేపల బుట్టతో వచ్చి, గేటు పక్కన దించుతుంది. ఆవిడ కొడుకు ఎల్లాజీ తుఫాను ముందు వేటకు వెళ్ళాడు. పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఎల్లాజీ రాలేదు. అప్పటినుంచీ ఆవిడ చేపలు తూచి ఇచ్చి, చిల్లర ఇచ్చి, ఆఖర్న అదే మాట అడుగుతుంది. కొన్నవాళ్ళనల్లా అడుగుతుంది. సౌదామిని ఫోన్లోంచి తల ఎత్తకుండానే, అగుపడితే చెప్తాలే అప్పలకొండమ్మా, అనేసి మెట్లెక్కేది. మెట్లెక్కుతూ ఆ మాటను మనసులో భద్రంగా దాచుకుంది. వీధిలో వినబడింది ఎవరిదైనా ఒకటేనని ఆమె లెక్క.

అదే సౌదామిని, తను రాసిన మాటలు చదవకుండా స్కిప్ నొక్కేసే ఆటగాళ్ళను తిట్టిపోసేది. మనిషి ఏడుస్తుంటే దాటేసి పోతారా, వీళ్ళకు అమ్మాఅయ్యా లేరా అని.

ఆ రోజు చిడతలు మోగకపోయేసరికి ఇక ఆగలేకపోయింది.

"ఏం తక్కువైందమ్మా?"

కనకవల్లి కుర్చీ కొంచెం పక్కకు జరిపి, ఆమెకు చోటిచ్చింది. "ఆడదాం," అంది.

ఉప్పురేవు ఇంకా లోకానికి తెరవలేదు గానీ, ఆఫీసులోవాళ్ళు ఆడి చూసుకోవడానికి సిద్ధంగా ఉంది. కనకవల్లి వేషం ఒక వంగిపోయిన ముసలమ్మ. చేతిలో ఊతకర్ర తప్ప ఆయుధం లేదు. ఆ కర్రతో పామును ఏం కొడతారని సౌదామిని వేళాకోళం ఆడింది. తన వేషమైన విలుకత్తెను తోడు తీసుకెళ్ళి, పామును తనే చంపింది. పిల్లవాణ్ణి తీసుకుని ఒడ్డుకు వచ్చారు. తల్లి ఇసుకలో పరుగెత్తుకొచ్చి వాణ్ణి వాటేసుకుంది. సన్నగా సన్నాయి వినబడింది. శంఖం వచ్చి ముసలమ్మ ఒళ్ళో పడింది.

సౌదామిని ఓరకంట గురువు ముఖం చూసింది. తర్వాత మౌస్ అందుకోబోయింది, ముందుకు పోదామని.

కనకవల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఉండు."

ఉన్నారు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. సన్నాయి ఆగిపోయింది. శంఖం దక్కాక ఆ ఒడ్డున ఎవరూ నిలబడరు. రాసిన సౌదామిని కూడా ఎప్పుడూ నిలబడలేదు. కాసేపటికి, తల్లి చేతుల మధ్యనున్న పిల్లవాడు చల్లగా మాయమైపోయాడు. తల్లి చేతులు అలాగే చాచి ఉన్నాయి. ఆ చేతుల్లో ఒకటి నెమ్మదిగా లేచి నుదుటి మీదికి వెళ్ళింది. ఆమె సముద్రం వైపు తిరిగింది.

అవతలి గదిలో ఎవరో ఆడుతున్న వీరుడొకడు ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. మావాడు అగుపడ్డాడా నాయనా, అని ఆమె మొదలుపెట్టింది. వాడు స్కిప్ నొక్కి గుహ వైపు పరుగెత్తాడు.

"ఏ క్వెస్టయినా అంతేనమ్మా," అంది సౌదామిని. "తర్వాత వచ్చేవాడికి పని ఉండాలి కదా. ఈవిడ ఏడుపు ఆగిపోతే వాడికి ఆట లేదు."

కనకవల్లి ఒక మీట నొక్కింది. ముసలమ్మ ఊతకర్ర పక్కన పెట్టి, తల్లి పక్కన ఇసుకలో కూర్చుంది. కంప్యూటర్ను అలాగే వదిలేసి, కనకవల్లి సంచీ భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడూ ముసలమ్మ అక్కడే కూర్చుని ఉంది. అమ్మగారు ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టారని ఆఫీసులో జోకులు. సౌదామినికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఊరుకున్న గురువు ఇప్పుడు నలుగురిలో తన కథను నవ్వులపాలు చేస్తోందనుకుంది. విసురుగా ఆ గదిలోకి వెళ్ళింది. కూర్చుంటే ఏం వస్తుందని అడిగింది. అక్కడ కూర్చోమని తను ఎక్కడా రాయలేదంది. ఆగమని గుర్తు పెట్టలేదు, ఆగినందుకు బహుమతి పెట్టలేదు.

"కొడుకును తెచ్చి ఒళ్ళో పెట్టాను కదమ్మా. అంతకంటే ఎవరైనా ఏమిస్తారు?"

కనకవల్లి ఆమె వైపు తిరిగింది.

"వాడు దొరికాడని అప్పలకొండకి చెప్పావా?"

 ఆ నీలం చొక్కా మాట తను ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఎవరికీ తెలియదని సౌదామిని అనుకుంది. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషికి, చేపలమ్మే ఆవిడ పేరెలా తెలుసో అంతుపట్టలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. వచ్చి తన చోట కూర్చుంది. సాయంత్రం దాకా కంప్యూటర్ తెరవలేదు.

మర్నాడు పెందలాడే బయల్దేరింది. అప్పలకొండమ్మతో ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలి? నీ కొడుకును నేనొక ఆటలో పెట్టానని చెప్పాలా? అక్కడ రోజుకు వెయ్యిసార్లు దొరుకుతాడని చెప్పాలా? దారంతా మాటలు కూడగట్టుకుంటూ వచ్చి, గేటు దగ్గర ఆగిపోయింది.

గేటు పక్క అరుగు మీద కనకవల్లి కూర్చుని ఉంది. ఆవిడ రోజూ పైకి ఆలస్యంగా వస్తుంది. మోకాళ్ళు సహకరించక కింద కాసేపు కూర్చుని వస్తుందనే ఆఫీసంతా అనుకునేది. ఆవిడ పక్కన చేపల బుట్ట. బుట్టకు ఇవతల అప్పలకొండమ్మ.

అప్పలకొండమ్మ చెప్తోంది. నీలం చొక్కా, పడవ, ఆ రోజు గాలి. వినీ వినీ వీధి మొత్తానికి కంఠతా వచ్చిన మాటలే. కనకవల్లి కళ్ళు మూసుకుని వింటోంది, ఇంతకుముందెన్నడూ విననట్టు. అయ్యాక కళ్ళు తెరిచి సముద్రం వైపు చూసింది.

ఆ చూపు సౌదామినికి తెలుసు. తన కథ అయిపోయినప్పుడల్లా కిటికీలోంచి చూసేది ఆ చూపే. ఆ కిటికీ కింద ఉన్నది ఈ గేటే.

అప్పలకొండమ్మ ఆమెను చూసి బుట్ట మీది తడిగుడ్డ తీయబోయింది. "ఏటి కావాల పాపా? వంజరాలున్నాయి."

ఏమీ వద్దంది సౌదామిని. బుట్టకు ఇవతల, మిగిలిన కాస్త చోటులో కూర్చుంది. కనకవల్లి తల తిప్పలేదు.

అప్పలకొండమ్మకు ఆ మాట అడగటానికి చేపలు అమ్మి తీరాల్సిన పని లేదు.

"మావోడు అగుపడ్డాడేటి పాపా?"

అగుపడితే చెప్తాలే అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. సౌదామిని దాన్ని మింగేసింది.

"లేదు అప్పలకొండమ్మా," అంది. "అగుపడలేదు."

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది. ఆ మాట తిన్నగా చెప్పినవాళ్ళు ఆవిడకు ఇంతకుముందు తగల్లేదేమో.

"ఎలా ఉంటాడు?" అని అడిగింది సౌదామిని.

అప్పలకొండమ్మ తడిగుడ్డను బుట్ట మీద మళ్ళీ కప్పింది. చేతులు చీరకు తుడుచుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. నడిస్తే కుడికాలు కొంచెం ఈడుస్తాడట. వేటకు పోయేవాడే గానీ కప్పను చూస్తే హడలట. చారులో కరివేపాకు వస్తే తీసి ఆవిడ కంచంలో వేసేవాడట. ఇన్నాళ్ళూ ఈ వీధిలో ఎవరూ వినని సంగతులు. ఎవరూ అడగలేదు కనుక ఆవిడా చెప్పలేదు.

ఆఖర్న గొంతు తగ్గించింది.

"ఆ నీలం సొక్కా ఆడిది కాదు పాపా. సావాసగాడి కాడ ఎరువు తెచ్చుకున్నాడు. ఆడొచ్చి నా సొక్కా ఏదని అడిగితే ఏటి సెప్పాలని నాకు రోజూ బయమే."

ఎవరో చేపలు కొనడానికి వచ్చి, ముగ్గురూ అలా కూర్చుని ఉండటం చూసి, ఏమనుకున్నారో, పిలవకుండానే వెళ్ళిపోయారు. ఎండ అరుగు మీదికి వచ్చింది.

మధ్యాహ్నం సౌదామిని మళ్ళీ ఆ గదిలో నిలబడి కథ చెప్పింది. ఇర్ఫాన్ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని విన్నాడు.

కథలో గుహ లేదు. పాము లేదు. శంఖం లేదు. కొడుకు దొరకడు. నీలం చొక్కా కూడా లేదు. ఒడ్డున ఒక తల్లి ఉంది. పరుగెత్తుకొచ్చినవాళ్ళతో ఆమె ఏమీ అనదు, సముద్రాన్ని చూస్తూ ఉంటుంది. వాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోవచ్చు. ఎవరైనా పక్కన కూర్చుంటే, చాలాసేపు కూర్చుంటే, అప్పుడు మాట్లాడుతుంది. మర్నాడు వచ్చి కూర్చుంటే ఇంకాస్త చెప్తుంది. అంతే.

చెప్పడం అయ్యాక సౌదామిని చిడతల వంక చూడలేదు. కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

ఇర్ఫాన్ గడ్డం గోక్కున్నాడు. ఏ క్వెస్టు విన్నా అతను అడిగే ప్రశ్న ఒకటే ఉంది. దాన్నే ఈసారి కాస్త ఇబ్బందిగా అడిగాడు.

"చంపేది లేదు, తెచ్చేది లేదు. మరి ఆటగాడికి ఏం దక్కుతుంది అమ్మగారూ?"

కనకవల్లి కళ్ళు తెరిచింది.

"ఆవిడ పక్కన చోటు," అంది.