రాజుగారి పండు ముట్టని వాళ్ళు

జామిగిరి రాజుగారికి ఏ కోరిక పుట్టినా పొద్దుటి పలహారం తర్వాతే పుడుతుంది. ఆ వేళ పుట్టింది, అసలు సిసలు కొండవాళ్ళని కళ్ళారా చూడాలని.

కారణం లేకపోలేదు. కొండజాతుల పేర్లు చెక్కిన రాగిరేకు ఒకటి కొలువులో ఉంది. అందులో పేరున్న వాళ్ళ కొండ వాళ్ళదే. పేరు లేనివాళ్ళ కొండని ఎవరైనా అడిగి పుచ్చుకోవచ్చు. గుమ్మిలోవ వాళ్ళ పేరు అందులో లేదు. పేర్లు రాసుకోవడానికి వెళ్ళిన ఉద్యోగి ఎండకి జడిసి ఆ ఊరిదాకా ఎక్కలేదు, అంతే! ఇప్పుడు ఆ కొండని పరాంకుశం బావమరిది అడుగుతున్నాడు.

పరాంకుశం అంటే ఆస్థాన పండితుడు. జన్మలో కొండ ఎక్కలేదు గానీ, కొండవాళ్ళ మీద ఏడు వందల తాటాకుల గ్రంథం రాశాడు.

కబురందుకుని గుమ్మిలోవ పెద్ద గాసన్న తనవాళ్ళు పదిమందితో మూడు రోజులు నడిచి వచ్చాడు. రాజుగారి ముందుకి కదా అని ఉతికిన పంచె కట్టాడు. అదే కొంప ముంచింది.

"పంచె కట్టాడు! నా గ్రంథం ప్రకారం కొండవాడు ఆకులు కడతాడు" అన్నాడు పరాంకుశం. "ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావోయ్?"

"ఇది ఎనిమిదోసారి బాబూ" అన్నాడు గాసన్న.

"చూశారా ప్రభూ, లెక్కలు కూడా వచ్చు! అసలైన కొండవాడు మనుషుల్ని చూస్తే పారిపోతాడు. కొలువుకే రాడు."

"రాకపోతే పేరు చెక్కమని ఎలా అడుగుతాడయ్యా?" అన్నారు రాజుగారు.

"అసలైనవాడు అడగడు ప్రభూ!"

రాజుగారు బుర్ర గోక్కున్నారు. "సరే, నీ అసలైనవాళ్ళని రేపు పట్టుకురా. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి తేలుస్తాను. వీళ్ళు దొంగ కొండవాళ్ళని తేలితే మాత్రం కొండ దిగిపోవాల్సిందే."

సింహాసనం వెనక తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే గవరయ్యకి ఒళ్ళు మండింది. తాంబూలం అందించడం అతని ఉద్యోగం, నోరు జారడం అతని అలవాటు. ఈసారి మాత్రం నోరు కట్టుకుని, గాసన్న వాళ్ళని వంటశాలకి తీసుకెళ్ళి దగ్గరుండి వడ్డించాడు.

మామిడికాయ పప్పు ఘుమఘుమలాడుతోంది. మూడు రోజుల ఆకలి మీద ఉన్న మనుషులు ఆ పప్పుని పక్కకి నెట్టి ఉత్త గంజి తాగారు.

"కారం ఎక్కువైందా అన్నా?" అన్నాడు గవరయ్య.

గాసన్న నవ్వి, సంగతేమిటో చెప్పాడు. వినేసరికి గవరయ్య ముఖం చాటంత అయింది.

మర్నాడు పరాంకుశం ముప్ఫైమందిని దింపాడు. ఒంటినిండా ఆకులు, నెత్తిన నెమలీకలు. రాజుగారిని చూడగానే కుయ్యోమని అరిచి స్తంభాల చాటుకి పారిపోయారు. సభ అదిరిపోయింది. రాజుగారు చప్పట్లు కొట్టారు.

గాసన్న ఇక కొండ పోయినట్టేనని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు గవరయ్య బుట్ట మోసుకొచ్చాడు. "ప్రభూ, మన తోటలో ఈ ఏటి తొలి మామిడిపళ్ళు. పాపం, అందరూ దూరం నుంచి వచ్చారు. మీ చేత్తో తలా ఒకటి ఇవ్వండి."

రాజుగారు ఇచ్చారు. నెమలీకల వాళ్ళు మోచేతుల దాకా రసం కారుతుంటే జుర్రేశారు. గాసన్న వాళ్ళు పళ్ళు కళ్ళకద్దుకుని, తినకుండా నేల మీద పెట్టేశారు.

"ధిక్కారం! ప్రభువు చేతి పండుని నేల మీద పెట్టారు!" పరాంకుశం గంతేశాడు.

రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఎందుకు తినవు? తల మీద ఆశ లేదా?"

గాసన్న చేతులు జోడించాడు. "మా ఊళ్ళో ఇంకా మామిడి కొత్త పండగ అవలేదు బాబూ. తొలి కాయ అమ్మోరికి పెట్టకుండా మేం మామిడి ముట్టం. తమరు పెద్దోరే. అమ్మోరు ఇంకా పెద్దది గదా."

గవరయ్య నెమలీకల పెద్ద వైపు తిరిగాడు. "మరి మీ పండగ ఎప్పుడు చేశారు బాబూ?"

"పండగేంటయ్యా? పది రోజుల్నుంచి రోజూ ఇదే తిండి. పరాంకుశంగారి బావమరిది మామిడితోటకి కాపలా మేమే గదా!" అన్నాడు వాడు, టెంక చీకుతూ.

సభంతా తలలు తిప్పి పరాంకుశం వైపు చూసింది.

పరాంకుశం గింజుకున్నాడు. "అయినా ప్రభూ, పంచె కట్టినవాడు కొండవాడెలా అవుతాడు? నా గ్రంథం..."

గవరయ్య గోడ మీది పటం చూపించాడు. అందులో రాజుగారి ముత్తాత బొజ్జ నిండా నగలు వేసుకుని కూర్చున్నాడు, ఒంటి మీద అంగీ లేదు.

"ప్రభూ, పండితులవారి లెక్కన అంగీ తొడుక్కున్న మీరు ఆయన మునిమనవడు కారు. ముందు మీరు సింహాసనం దిగండి, తర్వాత వాళ్ళు కొండ దిగుతారు!"

రాజుగారు మొదట ఉలిక్కిపడ్డారు. తర్వాత పటం చూశారు, తన అంగీ చూసుకున్నారు. పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వారు. సభంతా ఘొల్లుమంది.

గుమ్మిలోవ పేరు అక్కడికక్కడే రాగిరేకు మీద చెక్కించారు. మెడలోని హారం తీసి గవరయ్య మెడలో వేశారు. ఒక నెమలీకల టోపీ తెప్పించి పరాంకుశం నెత్తిన పెట్టి, ఆ రేకు నకలొకటి చేతికిచ్చి, గుమ్మిలోవ దాకా నడిచి వెళ్ళి ఇచ్చి రమ్మన్నారు.

"వాళ్ళు నన్ను ఊళ్ళోకి రానిస్తారా ప్రభూ?" అన్నాడు పరాంకుశం నీరసంగా.

గాసన్న కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

"రండి బాబూ. పండగనాటికి వస్తే పండు కూడా పెడతాం. మీరెవరని రుజువులు అడగం."