రేపటి నీళ్లు

చేపల తొట్టి పనిని తాత ఒక తాగుబోతు చేతిలో ఎందుకు పెట్టాడో ఖలందర్‌కి ఎంతకీ మింగుడుపడలేదు.

తాత అంటే మౌలాలి తాత. అనంతపురం జిల్లాలో ఒక గుట్ట కింద ఉన్న చిన్న దర్గాకి ఆయనే పెద్ద. ఊళ్లో అన్ని కులాలవాళ్లూ ఆయన దగ్గరికి వస్తారు, అందరూ తాత అనే పిలుస్తారు. ఖలందర్ ఆయన శిష్యుడు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి దర్గానే ఇల్లు చేసుకున్నవాడు. నమాజు తప్పడు. నేల మీద గడ్డిపరక ఉండనివ్వడు. చేతులు సబ్బుతో కడిగీ కడిగీ వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉండేవి. ఖలందర్ ఊడ్చిన చోట వాలడానికి ఈగకి కూడా భయమేనని వచ్చేవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ తొట్టి ఎవరో మొక్కు తీరి ఇచ్చిపోయింది. గాజు తొట్టి, నాలుగైదు ఎర్ర చేపలు. దాని నీళ్లకి ఒక పద్ధతుంది. ఆ ఊరి కొళాయి నీళ్లు ఉప్పన, పైగా బ్లీచింగ్ వాసన. అందుకని సగం కొళాయి నీళ్లు, సగం ఫిల్టరు నీళ్లు ఒక బకెట్టులో కలిపి, పల్చటి గుడ్డ కప్పి పక్కన పెట్టాలి. రాత్రంతా నిలవుంటే వాసన పోతుంది. మర్నాడు పొద్దున తొట్టిలోంచి కొన్ని నీళ్లు తీసి, ఈ నీళ్లు పోయాలి.

ఈ పని తాత పరుపులు కుట్టే హుసేనప్పకి చెప్పాడు. హుసేనప్ప మంచి పనివాడే. పొద్దు వాలితే మాత్రం మనిషి కాడు. అతనికి అప్పగించింది కూడా వారానికొకసారి చేసే పని కాదు. రోజూ సాయంత్రం వచ్చి కలిపి పెట్టాలి, రోజూ పొద్దున వచ్చి పోయాలి.

ఖలందర్ ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"తాతా, వారానికొక తూరి మారిస్తే చాలని చేపల కొట్టాయన చెప్పినాడు."

"చేపలకి చాలు," అన్నాడు తాత.

ఆ మాట పట్టుకుని కాసేపు ఆలోచించి ఉంటే బాగుండేది. ఖలందర్ ఆలోచించలేదు. ముసలితనంలో తాతకి చాదస్తం పెరిగిందనుకున్నాడు.

పొద్దున హుసేనప్ప రాగానే తాత అతని రెండు చేతులూ దగ్గరికి తీసుకుని వాసన చూసేవాడు. వాసన లేకపోతే "పొయ్యి" అనేవాడు. ఉంటే తిట్టేవాడు కాదు. "ఈ పూట నేను పోస్తాలే. నువ్వు చూస్తా కూర్చో. సాయంత్రం వచ్చి కలిపి పెట్టు," అనేవాడు. హుసేనప్ప తల వంచుకుని తొట్టి పక్కన కూర్చునేవాడు. రానురాను వాసన వచ్చే పొద్దులు తగ్గాయి. ఖలందర్ కళ్లకి అది కనబడలేదు. తాత ముక్కు తన చేతుల దాకా ఎప్పుడూ రాలేదే అన్న ఉక్రోషం ఒక్కటే అతనికి మిగిలింది.

మరో దర్గాలో ఉరుసు ఉత్సవానికని తాత వేరే ఊరికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "హుసేనప్ప వస్తాడు, చూసుకో," అని మాత్రం చెప్పాడు.

హుసేనప్ప వస్తూనే ఉన్నాడు. ఖలందర్ అతని చేతులు వాసన చూడలేదు. దూరంగా నిలబడి చూసేవాడు.

ఒక పొద్దున అతను వాకిట్లోకి రాకముందే వాసన వచ్చింది. వియ్యాలవారింట్లో పెళ్లట. హుసేనప్ప గడప అవతలే ఆగిపోయాడు.

"అన్నా, రాత్రి తప్పు జరిగిపోయింది. తొట్టి ముట్టనులే. నీళ్లు నువ్వు పొయ్యి, నేను చూస్తా కూర్చుంటా."

"దర్గాలోకి ఈ వాసనతోనా?"

"ఈడ గడపలోనే కూర్చుంటా అన్నా."

"కడుక్కొని రా పో. నోరు కడుక్కో, ఆ బుద్ధి కూడా కడుక్కో. శుద్ధమైనాంకనే ఈ గడప తొక్కు," అని ఖలందర్ తలుపు వేశాడు.

తలుపు వేశాక లోపల అతనికి ఎంతో హాయిగా అనిపించింది. దర్గా పరువు నిలబెట్టానని కూడా అనుకున్నాడు.

అదే ఊపులో తొట్టి సంగతి చూశాడు. ఉప్పునీళ్లకి గాజు మీద తెల్లగా పొర కట్టి ఉంది. చేపల్ని బకెట్టులోకి తీసి, తొట్టి ఖాళీ చేసి, సబ్బు పెట్టి తళతళలాడేలా తోమాడు. ఉప్పునీళ్లు కలపడం దేనికి అనుకున్నాడు. సగం మంచి నీళ్లకే చేపలు ఇంత బాగుంటే, అన్నీ మంచి నీళ్లే అయితే ఇంకెంత బాగుంటాయి! ఎదురుగా ఉన్న ఫిల్టరు నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించి నిండుగా పోశాడు. కలిపే పని లేదు, నిలవబెట్టే పని లేదు. మర్నాటి దాకా ఆగాల్సిన పనే లేదు.

తొట్టి అద్దంలా మెరిసింది. చేపలు మాత్రం ఒక మూలకి చేరి కదలడం మానేశాయి. మేత ముట్టలేదు. ఒకటి తర్వాత ఒకటి పైకి తేలాయి. చిన్నదొక్కటి మిగిలింది.

కొన్నాళ్లకి తాత తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లాడు. వేలు ముంచి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"ఏం లేదే దీంట్లో, చేపలకి కావాల్సిన ఉప్పు కూడా లేదు," అన్నాడు.

"పరిశుద్ధమైన నీళ్లు తాతా," అన్నాడు ఖలందర్.

తాత మూలనున్న బకెట్టు తెచ్చుకున్నాడు. కొళాయి తిప్పి సగం పట్టాడు. మిగతా సగం క్యాన్లోంచి వంపాడు. చేత్తో ఒకసారి కలియబెట్టి గుడ్డ కప్పాడు. ఆ వయసులో వంగి లేవడానికి ఆయన పడే కష్టం చూసి ఖలందర్ ముందుకొచ్చాడు.

"ఇట్లియ్యి తాతా, నేను పోస్తా."

"ఇప్పుడు కాదు, రేపు. హుసేనప్ప వచ్చి పోస్తాడు."

ఖలందర్ నేల చూపులు చూశాడు. జరిగిందంతా చెప్పాడు. చెప్తున్నంతసేపూ తాత బకెట్టు మీది గుడ్డనే సర్దుతూ కూర్చున్నాడు.

"పోయి పిలుచుకోని రా," అన్నాడు చివరికి. "నీళ్లు కలిపి పెట్టినాము, రేపు పోయాలంట అని చెప్పు. అంతకు మించి ఏం చెప్పొద్దు."

హుసేనప్ప ఇంటి ముందు దూది కుప్ప వానకి తడిసి నల్లబడి ఉంది. భార్య మాబున్ని బయటికి వచ్చింది. ఖలందర్ తాత చెప్పినట్టే చెప్పాడు.

"ఎవరు పోస్తారన్నా?" అంది మాబున్ని. "ఆయన ఈడ ఉంటే కదా. నువ్వు పొమ్మన్నాంక కూడా రోజూ పొద్దున దర్గా దాకా వచ్చేవాడు. ఎదురుగా నిలబడి తలుపు చూసి తిరిగొచ్చేవాడు. ఇంక పొద్దున్నుంచే తాగడం మొదలుపెట్టినాడు. ఎవరో కూలీల లారీ ఎక్కి బళ్లారి పక్కకి పోయినాడంట. ఫోను లేదు, కబురు లేదు."

ఖలందర్ తడిసిన దూది వైపు తిరిగాడు.

"నిన్ను అనేదేముంది లేన్నా," అంది ఆమె, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఆ నీళ్ల పని ఉన్నన్నాళ్లూ నా ఇల్లు ఇల్లుగా ఉండె. తోడు తాగేవాళ్లు సాయంత్రం వచ్చి పిలిస్తే, 'వద్దురా, నీళ్లు కలిపి పెట్టొచ్చినా, రేపు చేపలకి పోయాల. తాత చెయ్యి వాసన చూస్తాడు' అనేవాడు. అదొక్కటే ఆయన్ని ఆపింది. నేను ఎన్ని తూర్లు కాళ్లు పట్టుకున్నా ఆగలేదు, ఆ బకెట్టు నీళ్లకి ఆగినాడు."

ఖలందర్ తిరిగి వస్తుంటే దారిలో ఎవరో సలాం చెప్పారు. బదులు చెప్పడం కూడా మరిచిపోయాడు. చేపలకి చాలు అని తాత అన్న మాట ఇప్పుడు చెవిలో మోగుతోంది. అప్పుడు అదే చెవిలో పడ్డ మాటే కదా అని ఏడుపొచ్చింది.

దర్గాకి చేరి తాత పక్కన కూలబడ్డాడు.

"పోయినాడు తాతా. నేనే పోగొట్టినా."

తాత కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"ఉరుసుకి నేను పోకుండా ఉండాల్సింది," అన్నాడు మెల్లగా.

తిడితే బాగుండునని ఖలందర్ అనుకున్నాడు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

మర్నాడు పొద్దున హుసేనప్ప వచ్చే వేళకి తాత వాకిలి తలుపు బార్లా తీసి, తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ వీధి వైపు చూశారు. పాల బండి పోయింది. బడి పిల్లలు పోయారు. గడపలోకి ఎవరూ రాలేదు. తొట్టిలో ఆ చిన్న చేప ఒక్కటే మూల నుంచి మూలకి తిరుగుతోంది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చాక ఖలందర్ లేచాడు. చేతులు మోచేతుల దాకా శుభ్రంగా కడుక్కుని వచ్చి బకెట్టు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి ఇట్లియ్యి," అన్నాడు తాత.

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట తనతో అనడం అదే మొదటిసారి. ఖలందర్ రెండు చేతులూ చాపాడు. తాత వాటిని దగ్గరికి తీసుకుని వాసన చూశాడు.

"సబ్బు వాసన వస్తాంది. ఈ చేతుల్తో ముడితే ఆ మిగిలింది కూడా చస్తాది. కడుక్కొని రా."

గడప దగ్గర ఖలందర్ హుసేనప్పతో అన్న మాటే అది. గిర్రున తిరిగి కొళాయి దగ్గరికి వెళ్లాడు. నీళ్ల కింద చేతులు పెట్టి, ఏడుస్తూ, ఉత్త నీళ్లతో రుద్దాడు, మళ్లీ రుద్దాడు. ఎంత రుద్దినా వాసన పోయిందో లేదో అతనికి తెలియడం లేదు.

వెనక నుంచి తాత గొంతు వినిపించింది.

"నిదానంగా రా నాయనా. నువ్వు వచ్చేదాకా నేనీడనే కూర్చోనుంటా."